మీ వనస్థలిపురం ఇల్లు అద్దెకిచ్చే ముందు

ఒరేయ్ బావా,

మీ నాన్నగారి ఇల్లు అమ్మకుండా అద్దెకిద్దామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. డల్లాస్ నుంచి అదంతా ఎలా చూసుకోవాలని అడిగావు కదా, ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

కింది పోర్షనుకు 19,000 వస్తుందని బ్రోకరు ఆశపెట్టాడన్నావు. ఆ వీధిలో 18,000 నడుస్తోంది. వెయ్యి ఎక్కువ వస్తే ఏడాదికి 12,000. దానికోసం చూస్తూ ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంచినా 18,000 పోతాయి. పైగా మనుషులు మారినప్పుడల్లా పెయింట్, బ్రోకరు కమీషన్. మంచి కుటుంబం దొరికితే వెయ్యి తగ్గించైనా ఇచ్చెయ్యి, ఏటా అద్దె పెంచేటప్పుడు కూడా వాళ్లు వెళ్లిపోయేంత పెంచకు.

మంచివాళ్లని ఎలా తెలుస్తుందంటావా? ఉద్యోగం, ఆధార్ అందరూ చూస్తారు. నేనైతే పాత ఓనర్లకు ఫోన్ చేస్తాను. ఇప్పుడున్న ఇంటి ఓనరు కన్నా అంతకుముందు ఓనరు చెప్పేదే నమ్ముతాను. ఇప్పటాయనకు వాళ్లను త్వరగా పంపించెయ్యాలని ఉండొచ్చు కదా! కులమేంటి, ఏం తింటారు అని అడిగి వడపోయడం మాత్రం మన ఇంట్లో వద్దురా. అద్దె టైముకి ఇవ్వడానికీ దానికీ సంబంధమే లేదు.

ఇక నీళ్లు. మన దగ్గర అద్దె ఇళ్లలో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. మోటారు ఎవరు వెయ్యాలి, పైవాళ్లు ట్యాంకు ఖాళీ చేశారు, కిందివాళ్లు కారు కడిగారు. వీలైతే పోర్షనుకో ట్యాంకు పెట్టించు. ఎండాకాలంలో బోరు తగ్గితే టాంకర్ డబ్బులు ఎవరు ఎంత కట్టాలో అగ్రిమెంటులోనే రాయించు. ఇల్లు చూపించేటప్పుడే వేసవిలో నీళ్ల పరిస్థితి ఉన్నదున్నట్టు చెబుతాను, దాచి ఇస్తే ఏప్రిల్‌లో ఖాళీ చేసి పోతారు. కరెంటు మీటర్లు కూడా వేరువేరుగా ఉండాలి. రెండు పోర్షన్లకూ ఒకే మీటరైతే యూనిట్లు కలిసి ఎక్కువ రేటుండే స్లాబులోకి వెళ్తాయి, ఆ బిల్లు పంచేటప్పుడు మళ్లీ మాటలొస్తాయి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఈ 11 నెలల లెక్క అక్కడిదే. కానీ మన దగ్గర 1999 సవరణతో ఎంత కాలం లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. అడ్వాన్సు రెండు నెలలు చాలు. తాళం ఇచ్చేముందు ప్రతి గది వీడియో తీసి వాళ్లకూ పంపుతాను. ఖాళీ చేసిన రోజే లెక్క చూసి అడ్వాన్సు తిరిగిచ్చెయ్యాలి. వాడకంలో మామూలుగా అరిగినవాటికి అద్దెకున్నవాళ్ల దగ్గర పట్టుకోవడం న్యాయం కాదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా అదే చెబుతోంది.

నీకు మాత్రమే వర్తించే సంగతి ఒకటుంది, జాగ్రత్తగా చదువు. ఓనరు ఇక్కడే ఉంటే, నెల అద్దె 50,000 దాటితేనే అద్దెకున్న మామూలు ఉద్యోగి టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ పరిమితి లేదు, 18,000కైనా పట్టాల్సిందే. చాలామందికి ఇది తెలియదు, తర్వాత నోటీసొస్తే బెంబేలెత్తిపోతారు. అద్దెకొచ్చేవాళ్లకు మొదటి రోజే చెప్పి, మన సీఏతో ఆ పని చేయించి, ఫీజు నువ్వే కట్టు. అద్దె నీ ఎన్నార్వో ఖాతాలో, అంటే ఎన్నారైలు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే బ్యాంకు ఖాతాలో పడాలి. ఇక్కడ రిటర్ను వేస్తే, నువ్వు కట్టిన మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది, ఎక్కువ పట్టింది వెనక్కొస్తుంది. అమెరికా రిటర్నులోనూ ఈ ఆదాయం చూపించడం మర్చిపోకు.

రిపేర్ల గురించి టెన్షన్ పడకు. కుళాయి కారుతోందని ఫోనొస్తే అదే రోజు ప్లంబర్ని పంపుతాను. అద్దెకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఉండిపోయేది అలాంటి ఇళ్లలోనే. ప్లంబరుకు అక్కడికక్కడే డబ్బులివ్వడానికి నా దగ్గర కొంత ఉంచు చాలు.

నీ తరఫున నేను సంతకం పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపు. అది వచ్చేలోపు పై పోర్షన్ బాత్రూమ్ కుళాయిలు మార్పించి, సంపు కడిగించి ఉంచుతాను. చెల్లెమ్మను, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ