శాస్త్రి, స్టీవ్ వా, నీ భుజం

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో సగం మాటలు తెగిపోయాయి గానీ సంగతి అర్థమైంది. కోచ్ నిన్ను మూడో స్థానంలో బ్యాటింగ్‌కి పంపుతున్నారు, బంతి మాత్రం చేతికివ్వడం లేదు. "స్పిన్నర్‌నని తీసుకున్నారు కదా నాన్నా, ఇప్పుడు నేనేంటి?" అన్నావు. సిగ్నల్ కోసం డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ చెప్పే జవాబు కాదు అది. పైగా నేను క్రికెట్ మొదలుపెడితే మీ అమ్మ ఫోన్ లాగేసుకుంటుంది. అందుకే నీలాగే బౌలర్లుగా మొదలై బ్యాట్స్‌మన్లయిన ఇద్దరి కథ తీరిగ్గా రాస్తున్నాను.

నీకు రవిశాస్త్రి అంటే కామెంటరీలో గొంతు, ఆ తర్వాత టీమిండియా కోచ్. మా రోజుల్లో ఆయన ముందు బౌలరు. 1981 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లో దిలీప్ దోషి గాయపడితే, పద్దెనిమిదేళ్ల ఈ బొంబాయి కుర్రాణ్ణి హడావుడిగా విమానం ఎక్కించారు. వెల్లింగ్టన్‌లో దిగీ దిగగానే టెస్టు. ఎడమచేతి స్పిన్, బ్యాటింగ్‌లో పదో నంబరు. ఆ మ్యాచ్‌లో ఆరు వికెట్లు తీశాడు. సిరీస్‌లో మొత్తం 15, రెండు జట్లలోనూ అందరికంటే ఎక్కువ. సరిగ్గా రెండేళ్లకి, 1983లో కరాచీలో ఇన్నింగ్స్ ఓపెన్ చేసి 128 కొట్టాడు. ఎదురుగా ఉన్నది ఆ సిరీస్‌లో మనవాళ్లని 40 సార్లు పెవిలియన్‌కి పంపిన ఇమ్రాన్ ఖాన్.

పదో నంబరువాడు ఒకటో నంబరుకి ఎలా వెళ్లాడు? ఎవరూ ప్లాన్ చేసి పంపలేదు. జట్టులో ఏ చోటు ఖాళీ అయితే అక్కడికి వెళ్లమనేవారు, ఈయన వెళ్లేవాడు. ఒకటి నుంచి పది దాకా అన్ని స్థానాల్లోనూ ఆడాడు. చేతిలో ఉన్న షాట్లు తక్కువ. ప్యాడ్ మీదకొచ్చిన బంతిని లెగ్ సైడుకి తోసేవాడు, దానికి జనం చపాతీ షాట్ అని పేరు పెట్టారు. స్టేడియంలో "హాయ్ హాయ్" అని అరిచేవాళ్లు కూడా. అయినా ఆ కాసిని షాట్లతోనే వెస్టిండీస్ వెళ్లి 1983లో ఆంటిగ్వాలో, 1989లో బ్రిడ్జ్‌టౌన్‌లో సెంచరీలు చేశాడు. ఇంగ్లండ్‌లో ఓపెనర్‌గా 1990లో లార్డ్స్‌లో 100, ఓవల్‌లో 187. పోనీ కొట్టడం రాదా అంటే, 1985లో బరోడా మీద రంజీ మ్యాచ్‌లో ఒకే ఓవర్లో ఆరు సిక్సులు కొట్టింది కూడా ఈయనే. మనిషిని అర్థం చేసుకోవడం కష్టం!

ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ వా కథ వేరు. 1985 డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో మన మీదే మొదటి టెస్టు ఆడాడు. మీడియం పేస్ వేస్తాడు, కిందెక్కడో కాస్త బ్యాటింగ్ చేస్తాడు, అంతే. ఈ ఇద్దరినీ తలచుకుంటే నాకు చెన్నైలోని చెపాక్ స్టేడియం గుర్తొస్తుంది. 1986 సెప్టెంబర్లో అక్కడ జరిగిన టెస్టులో ఇద్దరూ ఉన్నారు. మనకి 348 కావాలి. చివరి ఓవర్ మొదలయ్యేసరికి ఒక్క వికెట్టే మిగిలింది, నాలుగు పరుగులు కొట్టాలి. గ్రెగ్ మాథ్యూస్ బౌలింగ్. శాస్త్రి ఒక బంతి ఆపి, రెండు తీసి, తర్వాత సింగిల్ తీశాడు. స్కోర్లు సమం. ఇక స్ట్రైక్ మణీందర్ సింగ్‌ది. అయిదో బంతికి ఎల్బీడబ్ల్యూ. టెస్టు చరిత్రలో రెండో టై. శాస్త్రి 48 నాటౌట్‌గా అవతలి వైపు నిలబడిపోయాడు. ఆ సింగిల్ తీయకుండా ఉండాల్సిందని మీ పెదనాన్న ఇప్పటికీ వాదిస్తాడు. నేనైతే తీయడమే కరెక్టంటాను, స్కోరు సమమయ్యాక ఇక ఓటమి లేదు కదా.

ఏడాది తిరిగాక 1987 అక్టోబర్లో అదే చెపాక్, ప్రపంచకప్ మ్యాచ్. మళ్లీ చివరి ఓవర్, మళ్లీ చివరి వికెట్, మళ్లీ మణీందరే. ఈసారి బంతి స్టీవ్ వా చేతిలో ఉంది. ఆరు కావాలి. అయిదో బంతికి స్టంప్స్ లేచిపోయాయి, ఒక్క పరుగుతో ఓడిపోయాం. అంతకుముందు వాళ్ల బ్యాట్స్‌మన్ డీన్ జోన్స్ కొట్టిన షాట్ ఒకటి ముందు ఫోర్ అని, ఇన్నింగ్స్ అయ్యాక సిక్స్ అని మార్చారు. కపిల్ దేవ్ ఒప్పుకున్నాడు. ఆ రెండు పరుగుల మాట ఎత్తితే మా ఫ్రెండ్స్‌లో ఇవాళ్టికీ గొడవే. కానీ నేను చెప్పదలుచుకుంది వేరు. ఆ రోజుల్లో స్టీవ్ వా అంటే చివరి ఓవర్ల బౌలరు. అరచేతి వెనక నుంచి వదిలే ఆ నెమ్మది బంతిని జనం గుర్తుపెట్టుకున్నారు గానీ, వా బ్యాటింగ్ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. టెస్టుల్లో తొలి సెంచరీ రావడానికి 1989 దాకా పట్టింది, అప్పటికి 26 టెస్టులు ఆడేశాడు.

ఆ తర్వాత వెన్ను మొరాయించింది. బౌలింగ్ తగ్గింది. పరుగులూ రాలేదు. 1991 జనవరిలో జట్టులోంచి తీసేశారు, ఆ చోటులో వచ్చింది ఎవరనుకున్నావు? కవల తమ్ముడు మార్క్. వచ్చీ రాగానే సెంచరీ చేశాడు. అన్నకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. మళ్లీ జట్టులో కుదురుకోవడానికి 1992 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. తిరిగొచ్చినవాడు హుక్ షాట్ మానేశాడు. బౌన్సర్ ఒంటికి తగిలినా సరే, అవుట్ అయ్యే షాట్ ఆడనని కూర్చున్నాడు. అలా 168 టెస్టులు, 10,927 పరుగులు, 32 సెంచరీలు. 2001లో కోల్‌కతా ఈడెన్‌లోనూ 110 కొట్టి మనకి ఫాలోఆన్ ఇచ్చాడు, అంటే వెంటనే మళ్లీ మనల్నే బ్యాటింగ్ చేయమన్నాడు. ఆ తర్వాత మన హైదరాబాద్ లక్ష్మణ్ ఏం చేశాడో నీకు చెప్పక్కర్లేదు.

బ్యాట్స్‌మన్‌గా ఇద్దరికీ పోలిక లేదు. శాస్త్రివి 80 టెస్టుల్లో 3,830 పరుగులు, 11 సెంచరీలు. కానీ 151 వికెట్లు కూడా ఉన్నాయి, స్టీవ్ వా తీసినవి 92. నాకు నచ్చే శాస్త్రి మ్యాచ్ 1992 జనవరిలో సిడ్నీది. ఓపెనర్‌గా 206. షేన్ వార్న్‌కి అది తొలి టెస్టు, తొలి వికెట్ శాస్త్రిదే, కానీ ఎంతసేపటికి దొరికాడు! ఆఖరి రోజు బంతి తీసుకుని 45 పరుగులకి నాలుగు వికెట్లు కూడా పడగొట్టాడు. అప్పటికి అందరూ ఆయన్ని బ్యాట్స్‌మన్ లెక్కలో వేసేశారు. స్టీవ్ వా కూడా అంతే. 1994లో కేప్‌టౌన్‌లో 28 పరుగులకి అయిదు వికెట్లు తీశాడు, ఆ వెన్నుతోనే.

ఇంత సోది ఎందుకంటే, ఇద్దరూ బ్యాట్స్‌మన్లే అయ్యారు గానీ కారణాలు వేరు. శాస్త్రి బ్యాటింగ్ పనికొచ్చింది కాబట్టి బౌలింగ్ వెనకబడింది. స్టీవ్ వాకి మాత్రం ఒళ్లు సహకరించలేదు. నీది మొదటి రకమైతే నాకేం టెన్షన్ లేదు. కోచ్‌కి నీ బ్యాటింగ్ నచ్చింది, ఆడు. నెట్స్‌లో రోజూ ఓ అరగంట బౌలింగ్ మాత్రం మానకు, ఎవరూ అడగకపోయినా సరే.

కానీ సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పైఅరలో డబ్బా తీయడానికి ఎడమచెయ్యి ఎత్తావు. అమ్మ గమనించలేదు, నేను గమనించాను. బౌలింగ్ చేసే చెయ్యి ఎందుకు ఎత్తలేదు? కోచ్ బంతి ఇవ్వడం లేదా, నువ్వే అడగడం లేదా? భుజం నొప్పి అని చెబితే బ్యాటింగ్ కూడా పోతుందని భయపడుతున్నావేమో. ఆదివారం నేను హైదరాబాద్ వస్తున్నాను. స్కాన్ తీయించుకుందాం, రిపోర్టు వచ్చాకే కోచ్‌తో మాట్లాడదాం. అమ్మకి ఇంకా చెప్పలేదు. గోంగూర పచ్చడి పట్టుకొస్తున్నాను. ఇంకేమైనా కావాలంటే శనివారంలోగా మెసేజ్ పెట్టు.

నాన్న