చెప్పు తీసిచ్చిన బాబుకు

2022 ఫిబ్రవరిలో ఒడిశా పంచాయతీ ఓట్లనాడు మల్కనగిరి జిల్లా బలిమెల జలాశయం అవతల, పడవ దిగేచోట మా అమ్మకు చేయందించిన బాబూ, నీ పేరు కూడా అడగలేదు. ఆలస్యమైనా ఈ నాలుగు ముక్కలు నీకే.

మేం చిత్రకొండ నుంచి వచ్చాం. 2018లో జలాశయం మీద గురుప్రియ వంతెన తెరిచాక అటు చాలా ఊళ్లకు బండ్లు వెళ్తున్నాయి గానీ, అమ్మ ఓటున్న ఊరికి మాకు పడవే దగ్గర. ఆ రోజు నీళ్లు వెనక్కి తగ్గి ఒడ్డంతా బురద. అమ్మ అడుగేసిందో లేదో మోకాలిదాకా దిగబడింది. నేనేమో పడవలో సంచీ పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను, చెప్పుకోవడానికి సిగ్గే. నువ్వు లుంగీ ఎగ్గట్టి దిగావు. అమ్మను పైకి లాగి, మళ్లీ వంగి, మోచేతిదాకా బురదలో చెయ్యిపెట్టి కూరుకుపోయిన చెప్పు కూడా తీశావు. కడిగి మరీ ఇచ్చావు.

అమ్మకు ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. వార్డు మెంబరు, సర్పంచి, పంచాయతీ సమితి మెంబరు, జిల్లా పరిషత్తు అని నాలుగు కాగితాలిస్తారనేసరికి కంగారుపడింది. పార్టీ గుర్తులు జిల్లా పరిషత్తు కాగితం మీదే ఉంటాయనీ, మిగతా మూడింటికీ వేరే గుర్తులనీ చింతచెట్టు కింద కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పావు. ఎవరికి వెయ్యాలో మాత్రం ఒక్క మాట అనలేదు. (చుట్టూ ఉన్న మిగతావాళ్లంతా ఆ పనిమీదే ఉన్నారు!)

టీ తాగి వెళ్లమంటే పడవ వెళ్లిపోతుందని పరుగెత్తావు. చిత్రకొండ వైపు వస్తే కనబడు బాబూ, అమ్మ ఆ టీ ఇంకా బాకీ అంటోంది.