పురాణాల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

కోనసీమలోని మా ఊరి శాఖా గ్రంథాలయంలో పురాణాల పుస్తకాలు దొరకడం లేదు. దక్షయజ్ఞం జరిగిన చోటని చెప్పుకునే ద్రాక్షారామం గుడికి వెళ్లొచ్చాక మా మనవరాలు "దక్షయజ్ఞం నిజంగా జరిగిందా తాతయ్యా?" అని అడిగితే, జరిగిందా లేదా అన్నది తర్వాత, అల్లుడి మీద కోపంతో కన్నకూతురిని పోగొట్టుకున్న తండ్రి కథ అది, అక్కడ చూడు అర్థం అని చెప్పి, ఆ క్షేత్రం కథ చెప్పే శ్రీనాథుడి భీమేశ్వర పురాణం చూపిద్దామని లైబ్రరీకి తీసుకెళ్లాను. బీరువా నిండా పోటీ పరీక్షల గైడ్లు, అడుగు అరలో అట్ట ఊడి చెదలు తిన్న భాగవతం ఒక్క సంపుటం, అంతే. నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ గోదావరి ఒడ్డునే కదా! ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, ఆ డబ్బుతో ప్రతి శాఖకూ తాత్పర్యంతో ఉన్న భారత, భాగవతాలు, భీమేశ్వర పురాణం కొని పిల్లల చేతికి అందే అరలో పెట్టాలి.