స్పగెట్టి ‘ఒక ప్యాకెట్’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో ఈమధ్య స్పగెట్టి (పొడవాటి పోగులుగా ఉండే ఇటలీ పాస్తా) వంటకాలు తరచుగా వస్తున్నాయి. వెల్లుల్లి ఎన్ని రెబ్బలో, మిరియాల పొడి ఎంతో వివరంగా చెబుతున్నారు గానీ, అసలు సరుకు దగ్గరకు వచ్చేసరికి ‘స్పగెట్టి ఒక ప్యాకెట్’ అని రాసి ఊరుకుంటున్నారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దుకాణాలలో ఇప్పుడు రకరకాల స్పగెట్టి దొరుకుతున్నందువల్ల, ఏది కొనాలో కూడా చెప్పవలసిన అవసరం ఉంది.

డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేసిన స్పగెట్టి ఉడికిన తరువాత కూడా పోగు పోగుగా నిలుస్తుంది. మైదాతో చేసినది పొయ్యి మీద కాస్త ఎక్కువసేపు ఉంటే చాలు, ముద్దవుతుంది. ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమతోనే చేయాలని ఇటలీ 1967లోనే చట్టం చేసింది. మన ఆహార ప్రమాణాలు మాత్రం మాకరోనీ, స్పగెట్టి, సేమియాలను ఒకే వర్గంగా చూసి, రవ్వతోనైనా మైదాతోనైనా చేయడానికి అనుమతిస్తున్నాయి. కాబట్టి మైదా స్పగెట్టి కల్తీ సరుకు కాదు, దుకాణదారును నిందించి ప్రయోజనమూ లేదు. కొనేవారే ప్యాకెట్ వెనుక చూసుకోవాలి. పదార్థాలను బరువు తగ్గే వరుసలో ముద్రించాలన్న నిబంధన ఉన్నందున, మొదటి పేరు ‘డ్యూరమ్ వీట్ సెమొలినా’ (అంటే డ్యూరమ్ గోధుమ రవ్వ) అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఉత్త ‘సూజీ’ అని ఉంటే అది మామూలు గోధుమ రవ్వ కావచ్చు.

చిక్కల్లా ఈ వివరాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చాలునన్న నిబంధనతోనే. తెలుగో ఒడియానో మాత్రమే చదవగలిగిన గృహిణులు మా జిల్లాలలో తక్కువేమీ కాదు. ప్యాకెట్ మీద ఆ పేర్లు కనిపించే తీరునే బొమ్మగా వేసి, పక్కన తెలుగులో అర్థం ఇస్తే వారికి మేలు చేసినవారవుతారు.

చదవలేనివారికి కన్ను కూడా కొంత సాయపడుతుంది. మంచి స్పగెట్టి లేత తేనె రంగులో ఉంటుంది, పాలిపోయినట్టు కనిపించదు. పోగుల మీద సన్నని తెల్లని పగుళ్లున్నా, అడుగున నూక చేరినా ఆ ప్యాకెట్ వదిలేయడం మంచిది. అప్పడాన్ని చేతిలోకి తీసుకోగానే ఎండిందో లేదో చెప్పే బరంపురం వారికి ఇది పెద్ద విద్యేమీ కాదు. కంచు అచ్చులోంచి తీసిన పోగులు గరుకుగా ఉండి టమాటా గుజ్జును బాగా పట్టుకుంటాయి, నున్నగా మెరిసేవి అంతగా పట్టుకోవు. అయితే రోజువారీ వంటకు కంచు అచ్చు రకం కోసం అదనపు ధర పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. కొన్ని ప్యాకెట్ల మీద ఉండే అంకె పోగు లావును తెలుపుతుంది, కానీ ఒక కంపెనీ అంకెకు మరొక కంపెనీ అంకెతో పొంతన ఉండదు.

మనిషికి సుమారు 100 గ్రాములు, ఆ 100 గ్రాములకు లీటరు నీళ్లు అన్న లెక్కతో, ఇకపై ప్రతి వంటకానికీ స్పగెట్టి ఏ పిండిదో, ఎన్ని గ్రాములో రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.