స్పిన్నింగ్ రాడ్ అని ఓవర్‌హెడ్ రాడ్ పంపారు, పైగా రెండూ ఒకటేనంటున్నారు

కస్టమర్ కేర్ వాళ్లకి, అలాగే మీ సైట్‌లో రాడ్ల వివరాలు రాసేవాళ్లకి,

నేను ఆర్డర్ చేసింది చేపలు పట్టే స్పిన్నింగ్ రాడ్, అంటే రీల్ (గాలపు దారం, అదే లైన్, చుట్టుకునే సాధనం) కింద వైపు బిగించే రకం. మీ పేజీలో అదే ఉంది, బిల్లు మీద అదే ఉంది, ట్యూబ్‌కి అంటించిన స్టిక్కర్ మీద కూడా అదే ఉంది. లోపలున్నది మాత్రం ఓవర్‌హెడ్ రాడ్, అంటే రీల్ పైన బిగించే రకం. మార్చి ఇవ్వమని అడిగితే "రాడ్‌కి డ్యామేజీ ఏం లేదండీ, తిరగేసి పట్టుకుని వాడుకోండి, రెండూ ఒకటే" అని జవాబొచ్చింది. డ్యామేజీ లేదన్న మాట నిజమే, విరిగిందని నేనూ ఎక్కడా అనలేదు. అడిగిన వస్తువు బదులు వేరేది వచ్చిందంటున్నాను.

మొదటిసారి పంపిన ఫొటోలు ఎవరూ తెరిచి చూసినట్టు లేదు కాబట్టి మళ్లీ జతచేస్తున్నాను, ఈసారి చూసి మాట్లాడండి. మొదటి ఫొటోలో రీల్ బిగించే చోట చూపుడు వేలు పట్టుకోవడానికి కొక్కెంలా ఒక ట్రిగ్గర్ ఉంది చూడండి. రీల్ రాడ్ పైన కూర్చునేటప్పుడు పట్టు కోసం పెట్టేది అది. స్పిన్నింగ్ రాడ్‌లో రీల్ కిందకి వేలాడుతుంది, రీల్ కాడే వేళ్ల మధ్యలోకి వస్తుంది, ఇక ట్రిగ్గర్‌తో పనేముంది? అయితే ట్రిగ్గర్ ఒక్కటే చూసి తేల్చేయమని నేను చెప్పను, పడవ మీద వాడే బరువైన ఓవర్‌హెడ్ రాడ్లు చాలావాటికి అది ఉండదు. అందుకే లైన్ దూరి వెళ్లే రింగులు చూడాలి.

రెండో ఫొటో హ్యాండిల్‌కి దగ్గర్లో ఉన్న మొదటి రింగుది. మామూలు స్పిన్నింగ్ రాడ్ మీద ఈ రింగు ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, 20, 25, 30 మిల్లీమీటర్లు ఇలాంటి సైజుల్లో వస్తుంది, అక్కణ్నుంచి కొన వైపు పోయేకొద్దీ రింగులు చిన్నవవుతాయి. మీరు పంపినదాని మీద స్కేలు పెట్టి కొలిస్తే 10 మిల్లీమీటర్లు దాటలేదు, నా చిటికెన వేలు కొన కూడా దూరడం లేదు, పైగా రాడ్‌కి అంటుకున్నట్టు కిందకే ఉంది, మిగతా రింగులు కూడా దాదాపు అదే సైజు.

ఇదేదో అందం కోసం చేసిన తేడా కాదు. స్పిన్నింగ్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూల్, అంటే లైన్ చుట్టి ఉండే ఉండ, కదలదు, లైన్ స్పూల్ అంచు మీంచి చుట్లు చుట్లుగా ఊడి వస్తుంది, ఆ చుట్లన్నిటినీ మెల్లగా దగ్గరకు లాగి సన్నగా చెయ్యడానికే మొదటి రింగు పెద్దగా పెడతారు. ఓవర్‌హెడ్ రీల్‌లో స్పూలే తిరుగుతుంది, లైన్ తిన్నగా వస్తుంది, చిన్న రింగు సరిపోతుంది. మీరు తిరగేసి వాడమన్నారని వాడి కూడా చూశాను. విసిరిన ప్రతిసారీ లైన్ చుట్టలు ఆ చిన్న రింగుకీ రాడ్‌కీ పటపటా కొట్టుకుంటున్నాయి, లూర్ (లైన్ చివర కట్టే ఉత్తుత్తి ఎర) పోవాల్సిన దూరంలో సగం కూడా పోలేదు, ఒకసారి అల్లిక లైన్ చుట్ట ఏకంగా రింగు మీద ముడిపడి కూర్చుంది. ఇవి చాలవన్నట్టు ట్రిగ్గర్ పైకి వచ్చి అరచేతిలో గుచ్చుకుంటోంది. రాడ్‌ని తిరగేస్తే రింగు సైజు పెరుగుతుందా, మీరే చెప్పండి.

ఇంకొకరు ఫోన్‌లో "కొన్ని రాడ్లకి రింగులు పై నుంచి మెలితిరిగి కిందకి వస్తాయి కదా, కాబట్టి పైనా కిందా తేడా ఏం లేదు" అన్నారు. అది మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. అలా మెలితిప్పి కట్టేది ఓవర్‌హెడ్ రాడ్లకే, చేప లాగినప్పుడు రాడ్ చేతిలో పక్కకి తిరిగిపోకుండా. అక్కడ కూడా రీల్ పైనే ఉంటుంది, మొదటి రింగులు ఆ రీల్‌కి తగ్గ సైజులోనే ఉంటాయి. నా రాడ్‌కి ఆ మెలిక కూడా లేదు, రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

పొడవు, పవర్, లూర్ బరువు, లైన్ రేటింగ్ అన్నీ ఆర్డర్‌తో మ్యాచ్ అయ్యాయని మీ మెయిల్‌లో రాశారు. అవుతాయి, ఒకే సిరీస్‌లో రెండు రకాలూ అవే నంబర్లతో అమ్ముతున్నారు కాబట్టి. రకం తెలిసేది మోడల్ నంబర్‌లో. చాలా కంపెనీలు స్పిన్నింగ్‌కి ఎస్, ఓవర్‌హెడ్ కాస్టింగ్‌కి సి లేదా బి అని అక్షరం పెడతాయి, మీ కేటలాగ్‌లోనూ ఎస్, సి అనే ఉన్నాయి. మూడో ఫొటోలో హ్యాండిల్ పైన అచ్చు వేసి ఉన్న నంబర్‌ని పెద్దది చేసి చూడండి, చివర సి ఉంది. ట్యూబ్ స్టిక్కర్ మీద ఎస్ ఉంది. అంటే మీ గోడౌన్‌లోనే స్టిక్కర్ మారింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోయే దానికి ఇన్ని మెయిళ్లు, ఇన్ని ఫోన్లు!

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. మీ ఖర్చుతోనే ఈ రాడ్ వెనక్కి తీసుకుని ఇదే సిరీస్‌లో ఎస్ రకం పంపండి, స్టాక్ లేకపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. కూపన్లు, స్టోర్ క్రెడిట్ నాకొద్దు. రిటర్న్ గడువు అయిపోతోందని మళ్లీ మెసేజ్ పెట్టొద్దు, నేను మొదటి మెయిల్ పెట్టింది పార్సిల్ వచ్చిన రోజే, ఆలస్యం అయిందల్లా మీ వైపు నుంచే. ఆ బ్యాచ్‌లో మిగిలిన ట్యూబులు కూడా ఒకసారి విప్పి చూసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇలాంటిది చేరితే తమకే విసరడం రావట్లేదనుకుని ఆ తంటాలన్నీ పడతారు తప్ప రాడ్ రకం మారిందని వాళ్లకి తట్టదు. మీ పేజీలో రాడ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి గీతలా చూపించే ఫొటో ఒక్కటే ఉంది, దాంట్లో ఏదీ కనపడదు. రీల్ సీటు, మొదటి రింగు పక్క నుంచి దగ్గరగా కనపడేలా ఇంకో ఫొటో పెట్టండి.

రాడ్ ట్యూబులోనే భద్రంగా ఉంది, స్టిక్కర్ కూడా చింపలేదు. పికప్ ఏ రోజో మెయిల్‌లో రాసి పంపండి, ఫోన్‌లో వద్దు.

ఇట్లు,
స్పిన్నింగ్ రాడ్ కోసం ఇంకా ఎదురుచూస్తున్న మీ కస్టమర్