ఇంగ్లండ్ పూర్వీకుల అన్వేషణ: సూచికతో ఆగకూడదు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లోని జనన, వివాహ, మరణ రికార్డుల నుంచి అక్కడి కుటుంబాల పూర్వీకుల వివరాలను ఎలా రాబట్టవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. కోడలో అల్లుడో ఆంగ్ల కుటుంబం నుంచి వచ్చిన తెలుగు ఇళ్లలో, పిల్లలకు రెండు వైపుల తాతముత్తాతల గురించీ చెప్పాలనుకునేవారికి అది పనికొచ్చే వ్యాసమే. అయితే 1837 తర్వాత పుట్టిన ప్రతి ఒక్కరి పేరూ కంప్యూటరులో కొట్టగానే దొరుకుతుందని, అలా దొరికిన వరుసే రుజువని అర్థం వచ్చేలా అందులో రాసిన మాటలు కొత్తగా వెతికేవారిని దారి తప్పిస్తాయి. తెర మీద కనిపించేది సూచిక మాత్రమే, రికార్డు వేరు. ఆ రికార్డు కూడా ఎవరో ఒకరు ఒకనాడు రిజిస్ట్రారు ఎదుట చెప్పిన మాటే కనుక, చెప్పింది ఎవరో, ఏ పరిస్థితిలో చెప్పారో చూసుకున్నాకే దాన్ని వంశవృక్షంలోకి ఎక్కించాలి.

ముందు ఈ వ్యవస్థ హద్దులు తెలియాలి. 1836లో పార్లమెంటు చేసిన రెండు చట్టాల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1 నుంచి జననాలను, వివాహాలను, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం మొదలైంది. అంతకు ముందు ఉన్నవి 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో ఆరంభమైన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) చర్చి పుస్తకాలు. వాటిలో పుట్టుకకు బదులు బాప్తిస్మాన్ని, చావుకు బదులు ఖననాన్ని రాసేవారు. ఇంగ్లండ్ అధికారిక చర్చికి వెలుపల ఉన్న బాప్టిస్టులు, కాథలిక్కుల వంటివారి పిల్లల పుట్టుక చాలావరకు వాటికి ఎక్కేది కాదు. స్కాట్లండ్‌లో పౌర నమోదు 1855లో, ఐర్లండ్‌లో పూర్తి స్థాయిలో 1864లో, వేర్వేరు వ్యవస్థలుగా వచ్చాయి. మీ వ్యాసం బ్రిటన్ అన్న ఒక్క మాటతో అన్నింటినీ కలిపేసింది. గ్లాస్గోలో పుట్టిన ముత్తాతను ఇంగ్లండ్ సూచికలో ఎన్నాళ్లు వెతికినా దొరకడు. ఇంగ్లండ్‌లోనే అయినా, నమోదు జిల్లాలను 1834 నాటి పేదల చట్టం కింద ఏర్పడిన యూనియన్లను (పారిష్‌ల సమూహాలను) అనుసరించి గీశారు కనుక, సూచికలో కనిపించే జిల్లా పేరు పుట్టిన ఊరి పేరు కానక్కర్లేదు. కొన్ని జిల్లాలు కౌంటీ సరిహద్దును దాటి పక్క కౌంటీ పల్లెలను కూడా కలుపుకొని ఉండేవి.

ఇక అందరి పేర్లూ ఉంటాయన్న మాట. మొదటి దశాబ్దాలలో పుట్టుకల సమాచారం సేకరించే భారం ప్రధానంగా రిజిస్ట్రారు మీదే ఉండేది. ఆయన అడిగితే చెప్పాల్సిన బాధ్యత తల్లిదండ్రులకు ఉన్నా, తమంతట తాము వెళ్లి నమోదు చేయించకపోతే శిక్ష లేదు. బాప్తిస్మం చేయించాం కదా, అది చాలదా అనుకున్నవారు తక్కువేమీ కాదు. 1874 నాటి చట్టం 1875 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక బాధ్యత తల్లిదండ్రుల మీదకు మళ్లింది, తప్పినవారికి 40 షిల్లింగుల వరకు జరిమానా వచ్చింది. అందుచేత 1837కు, 1875కు మధ్య పుట్టిన మనిషి సూచికలో లేకపోతే ఆశ్చర్యపడకుండా పారిష్ పుస్తకం వైపు తిరగాలి. నమోదుకు గడువు 42 రోజులు. ఆ గడువు దాటించిన కొందరు తల్లిదండ్రులు, బిడ్డ అసలు పుట్టిన రోజు కంటే కొంత ఆలస్యంగా పుట్టినట్లు రిజిస్ట్రారుకు చెప్పేవారు. ప్రభుత్వ రికార్డు ప్రకారం ఇంకా పుట్టని బిడ్డకు చర్చిలో అప్పటికే బాప్తిస్మం జరిగినట్లు కనిపించే వింత ఇలాంటి చోట్లే ఎదురవుతుంది. అక్కడ నమ్మదగింది చర్చి పుస్తకమే.

సూచిక ఎలా తయారైందో తెలిస్తే దాని బలహీనత అర్థమవుతుంది. స్థానిక రిజిస్ట్రారు తన పుస్తకంలో రాసుకున్న వివరాలకు మూడు నెలలకొకసారి నకలు తీసి పై అధికారి ద్వారా లండన్‌లోని కేంద్ర నమోదు కార్యాలయమైన జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు పంపేవాడు. చర్చిలో జరిగిన వివాహాల నకళ్లను మతాధికారి అలాగే పంపేవాడు. లండన్‌లో గుమాస్తాలు ఆ నకళ్లను చూసి అక్షర క్రమంలో సూచిక రాసేవారు. అంటే మనం తెర మీద చూసేది నకలును చూసి రాసిన సూచికకు, నిన్నమొన్న ఎవరో టైపు చేసిన ప్రతి. ఇన్ని చేతులు మారేటప్పుడు అక్షరాలు మారకుండా ఉండవు. చదువురాని తల్లి తన ఇంటిపేరును హకార లోపంతో పలికితే రిజిస్ట్రారు విన్నది విన్నట్లు రాసుకునేవాడు. అలా హారిస్ వారు ఆరిస్ వారై, హెచ్ అక్షరం కింద ఎంత వెతికినా కనబడకుండా, ఇంగ్లిష్ 'ఏ' (A) అక్షరం కింద ఉండిపోయారు. ఒకప్పుడు లండన్‌లో ఈ సూచికలు బరువైన సంపుటాలుగా ఉండేవి, జననాలకు ఎరుపు, వివాహాలకు ఆకుపచ్చ, మరణాలకు నలుపు అట్టలతో. వాటిని అరల నుంచి దించి వెతికినవారు పక్క పేజీలు కూడా చూసేవారు. ఇప్పుడు పెట్టెలో పేరు కొట్టి ఒక్క ఫలితంతో తృప్తిపడడం అలవాటైంది.

సూచిక కాలాన్ని బట్టి మారిందన్న సంగతిని మీ వ్యాసం ప్రస్తావించలేదు. 1983 వరకు అది మూడు నెలల వరుసలో ఉంటుంది, ఆ వరుస సంఘటన జరిగిన తేదీని బట్టి కాక నమోదైన తేదీని బట్టి ఉంటుంది. డిసెంబరు చివర పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో కనిపించడం మామూలే. మరణ సూచికలో వయసు 1866 నుంచే ఉంది. జనన సూచికలో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి, వివాహ సూచికలో జీవిత భాగస్వామి ఇంటిపేరు 1912 నుంచి చేరాయి. జాన్ స్మిత్ వంటి పేరుకు 1860లో పదుల కొద్దీ వరుసలు వచ్చినప్పుడు పాత సూచిక ఏ విధంగానూ సాయపడదు. 2016లో జనరల్ రిజిస్టర్ ఆఫీసు తన వెబ్‌సైట్‌లో పెట్టిన కొత్త సూచిక ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది, ఎందుకంటే అందులో తల్లి పుట్టింటి పేరును, మరణించినవారి వయసును 1837 నుంచీ ఇచ్చారు. పాత జననాలలో ఆ పుట్టింటి పేరు గడి ఖాళీగా ఉంటే, తల్లికి పెళ్లి కాలేదన్న సూచన అది చాలాసార్లు. కానీ వివాహాలు ఆ కొత్త సూచికలో లేవు. వాటికి 1998 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు టైపు చేస్తూ వస్తున్న ఫ్రీబీఎండీ వెబ్‌సైట్‌ను ఉచితంగా చూసుకోవచ్చు.

అసలు సంపద జనన రికార్డులోనే ఉంది. ఒక్క అడ్డువరుసలో బిడ్డ పుట్టిన తేదీ, చోటు, పేరు, లింగం, తండ్రి పేరు, తల్లి పేరు, తండ్రి వృత్తి, సమాచారం ఇచ్చినవారి సంతకం, చిరునామా, నమోదైన తేదీ, రిజిస్ట్రారు సంతకం వరుసగా ఉంటాయి. తల్లి పేరున్న గడిని నిదానంగా చదవాలి. ఆమెకు ఇది రెండో పెళ్లి అయితే ఇప్పటి ఇంటిపేరు, మొదటి భర్త ఇంటిపేరు, పుట్టింటి పేరు మూడూ అక్కడే ఉండవచ్చు. సూచికలో ఒక్కటే ఉంటుంది కనుక, రికార్డు తెప్పించుకోనివారికి ఆమె మొదటి పెళ్లి ఎప్పటికీ తెలియదు. పుట్టిన తేదీ పక్కన గడియారపు సమయం రాసి ఉంటే కవలలు కావచ్చని వెంటనే అనుమానించాలి. సమాచారం ఇచ్చినవారి గడిలో సంతకానికి బదులు ఇంటూ గుర్తు ఉంటే, పేర్ల అక్షరక్రమాన్ని ఆ మనిషి సరిచూసుకోలేదని గ్రహించాలి. పెళ్లికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు రాయాలంటే 1875 నుంచి ఆ తండ్రి కూడా స్వయంగా వచ్చి సంతకం పెట్టాల్సిందే. పుట్టిన చోటు ఏ వీధిలోనో ఒక ఇంటి నంబరుగా మాత్రమే ఉంటే దాన్ని కూడా మ్యాపులో చూడడం మంచిది. పేదల శరణాలయాలైన వర్క్‌హౌస్‌లలో పుట్టిన పిల్లలకు ఆ మచ్చ జీవితాంతం వెంటాడకూడదని, 1904 నుంచి వాటి పేరు రాయకుండా మామూలు వీధి చిరునామా రాసే పద్ధతి వచ్చింది. ప్రభుత్వ కాగితాలలో ఇంత దయ అరుదు.

వివాహ రికార్డు ఇంత నమ్మకమైనది కాదు. వధూవరుల వయసు గడిలో తరచుగా మేజర్లు అన్న అర్థం వచ్చే మాట తప్ప అంకె ఉండదు. 21 దాటారని చెప్పడమే దాని ఉద్దేశం, అది కూడా వారు చెప్పిందే. తండ్రి పేరు, వృత్తి ఉంటాయి కానీ తండ్రి ఎవరో తెలియని వరుడు పరువు కోసం ఒక పేరు కల్పించి రాయించుకున్న సందర్భాలు లేకపోలేదు. తల్లుల పేర్లు ఆ పత్రాలలో చేరింది 2021 మే 4 నుంచి మాత్రమే. చనిపోయిన భార్య చెల్లెలినో అక్కనో పెళ్లాడడం 1907 వరకు చట్టవిరుద్ధం కనుక, అటువంటి జంటలు తమను ఎరగని ఊరికి వెళ్లి పెళ్లి చేసుకునేవారు. సొంత జిల్లాలో పెళ్లి దొరకనంత మాత్రాన పెళ్లే జరగలేదని తేల్చకూడదు.

మరణ రికార్డు గురించి ఒక్క మాట చాలు. అందులోని వయసు బతికున్నవారు ఊహించి చెప్పిందే, మరణ కారణానికి వైద్యుడి ధ్రువీకరణ చట్టప్రకారం తప్పనిసరి అయింది 1875 నుంచే. సమాచారం ఇచ్చినవారి పేరు మాత్రం విలువైనది. పెళ్లయి ఇంటిపేరు మారిన కూతురు అక్కడ సంతకం చేసి ఉంటే, ఆమె పెళ్లిని వెతకడానికి దారి దొరికినట్లే.

ఖర్చు సంగతి కూడా పాఠకులకు చెప్పాల్సింది. రిజిస్టర్లను నేరుగా తిరగేసే హక్కు ప్రజలకు లేదు, సూచిక చూసి ప్రతి కొనుక్కోవాలి. 2024 ఏప్రిల్‌లో జనరల్ రిజిస్టర్ ఆఫీసు నిర్ణయించిన ధరల ప్రకారం ముద్రిత ధ్రువపత్రానికి 12.50 పౌండ్లు, పీడీఎఫ్‌కు 8 పౌండ్లు. పాత జననాలకు, 19వ శతాబ్దపు మరణాలకు చాలావరకు దొరికే డిజిటల్ చిత్రానికి 3 పౌండ్లు. ఇవే పత్రాలను మధ్యవర్తి వెబ్‌సైట్లు చాలా ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. స్థానిక రిజిస్ట్రారు కార్యాలయాల సూచికలలోని రిఫరెన్స్ సంఖ్యలు జనరల్ రిజిస్టర్ ఆఫీసులో పనికిరావు, ఆ ఆఫీసు సంఖ్యలు స్థానిక కార్యాలయాలలోనూ పనికిరావు. అయితే అసలు పుస్తకం స్థానిక కార్యాలయం దగ్గరే ఉంటుంది కనుక, నకలులో ఒక పేరు అనుమానంగా తోచినప్పుడు వారినే అడగడం మేలు. మూడు పౌండ్లకు వెనకాడి, ఇతరులు ఇంటర్నెట్‌లో పెట్టిన వంశవృక్షాన్ని తమదిగా అతికించుకునేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఒకే జిల్లాలో, ఒకే ఏడాది, ఒకే పేరుతో పుట్టిన ఇద్దరిలో బాల్యంలోనే చనిపోయినవాడిని ముత్తాతను చేసిన వృక్షాలు లెక్కలేనన్ని ఉన్నాయి. మరణ సూచికలో ఆ జిల్లాను తర్వాతి పదేళ్ల వరకు చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేదే కాదు.

మీ శీర్షిక తదుపరి భాగం జనగణన గురించి అని ప్రకటించారు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1921 జనగణన పత్రాలు 2022 జనవరిలో అందుబాటులోకి వచ్చాయి, 1931 పత్రాలు 1942 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, యుద్ధం కారణంగా 1941లో జనగణనే జరగలేదు. మధ్యలో ఉన్నది 1939 సెప్టెంబరు 29న ప్రజల వివరాలతో తీసిన జాతీయ రిజిస్టరు ఒక్కటే. కనుక ఇప్పుడు బతికున్నవారి తాతల తరాన్ని వెతకడానికి ప్రధానమైన ఆధారం మళ్లీ పౌర నమోదే అన్న సంగతిని, పై జాగ్రత్తలతో కలిపి, ఆ భాగంలోనైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు