హీరో పక్కన ఎవరున్నారు?

వడపళని, చెన్నై

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పాత తెలుగు సినిమాలన్నీ బంగారం, ఇప్పటివన్నీ వట్టి గ్రాఫిక్సు అని తేల్చిపారేశావు. ఫోన్లో వాదిస్తే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఉత్తరం. చదవడం తప్ప నీకు వేరే దారి లేదు.

ముందు ఆ గ్రాఫిక్సు సంగతి. 1957లో ‘మాయాబజార్’ చేసిందేమిట్రా? మార్కస్ బార్‌ట్లీ కెమెరా ముందు లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడలేదూ? ఆ ట్రిక్కు షాట్లు చూడ్డానికి కూడా జనం ఎగబడ్డారు. కాబట్టి ఈ కాలం వాళ్లని ఆ పేరుతో తిట్టకు.

నా గొడవ వేరు, హీరో పక్కనుండే పాత్రల గురించి. ‘మాయాబజార్’లో కథంతా పాండవుల ఇంటి పెళ్లి గురించే, కానీ పాండవులు తెర మీదికే రారు. ఎన్టీఆర్, ఏయన్నార్ ఇద్దరూ ఉన్నారు, అయినా సినిమాని మోసింది ఎస్వీ రంగారావు, సావిత్రి, రేలంగి. చివరికి శర్మ, శాస్త్రి కూడా! అల్లు రామలింగయ్య, వంగర కలిసి గోంగూర మీద చేసిన హడావిడి మన ఇళ్లల్లో ఇప్పటికీ నడుస్తోంది కదా.

‘అహ నా పెళ్లియంట’ పాట మళ్లీ ఒకసారి పెట్టుకుని చూడు. పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడు కదా. సుశీల గొంతు మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గొంతు తన్నుకొస్తుంది. అంతే, సావిత్రి భుజాలు విచ్చుకుంటాయి, నడకలోకి రాక్షసుడు దిగుతాడు. మరుక్షణం మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు. మేకప్ మారలేదు, చీర మారలేదు. ఆ తర్వాత పెళ్లిపీటల మీద ఆ మాయా పెళ్లికూతురు రేలంగి కాలు తొక్కడం చూసి మా అమ్మ ఇప్పటికీ పడీ పడీ నవ్వుతుంది. మా కింది ఫ్లాట్ తమిళాయనైతే రంగారావు తమవాడే అంటాడు. ఆయన చూసిన తమిళ ‘మాయాబజార్’లో అభిమన్యుడు జెమినీ గణేశన్, ఘటోత్కచుడు మాత్రం మన రంగారావే. ఇదంతా తీసిన వాహిని స్టూడియో ఉన్నచోటే ఇప్పుడు మేం మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ తింటున్నాం. దాని రేటు గురించి మాట్లాడకు, బీపీ వస్తుంది.

‘శంకరాభరణం’ (1980) చూడు. శంకరశాస్త్రి అంతటి మనిషిని చనువుగా మందలించడానికి పక్కన అల్లు రామలింగయ్య ఉన్నాడు. ఇప్పటి హీరోకి అలాంటి స్నేహితుడు ఒక్కడు కనపడడే! పక్కనున్నవాడి ఉద్యోగమల్లా హీరో ఎంత గొప్పోడో రౌడీలకి చెప్పడం, లేకపోతే హీరో చేత తన్నులు తినడం. అన్నం వండకుండా అప్పడాలు వేయించినట్టుంటుంది నాకు.

ఇక్కడ నువ్వు ‘బాహుబలి’ అంటావని తెలుసు. అనరా, నా పని సులువవుతుంది. 2015 నుంచి 2017 దాకా దేశమంతా అడిగింది ఎవరి గురించి? కట్టప్ప గురించి! శివగామి కళ్లెర్ర చేస్తే హాల్లో ఈలలు పడ్డాయి. అంత పెద్ద గ్రాఫిక్సు బొమ్మని కూడా నిలబెట్టింది పక్క పాత్రలే. అంతకంటే ముందు, 2012లో ‘ఈగ’. షూటింగులో ఎదురుగా ఈగే లేదు, సుదీప్ ఒక్కడే ఖాళీ గాలిని చూసి విసుక్కున్నాడు, భయపడ్డాడు, పిచ్చెక్కిపోయాడు. మనం ఈగని నమ్మింది కంప్యూటర్ వల్లేనంటావా? నేను ఒప్పుకోను.

2018లో వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశాడు, ఎక్కువమంది కొత్తవాళ్లే, ఆ ఊరివాళ్లే. అందులో హీరో పక్కన ఎవరున్నారని అడగాల్సిన పనే లేదు. ఊరంతా ఉంది.

పాతవాటిలోనూ చెత్త బోలెడుంది, అది వేరే సంగతి. మనకి గుర్తున్నవి మంచివి, అంతే. ప్రతి అత్తనీ గయ్యాళిని చేసి పెట్టిన పాపం కూడా వాటిదే. పాపం, సూర్యకాంతం ఏం చేస్తుంది!

నువ్వు మాత్రం ఒక పని చెయ్యి. గత పదేళ్లలో వచ్చిన పెద్ద హీరో సినిమాల్లో, హీరో తప్పు చేస్తే ముఖం మీదే చెప్పిన స్నేహితుడి పాత్ర ఒక్కటి వెతికి నాకు రాయి. దొరికితే సంక్రాంతికి వచ్చినప్పుడు టికెట్లు, పాప్‌కార్న్ రెండూ నావే.

వదినకి నమస్కారాలు చెప్పు. చిన్నదానికి ‘ఈగ’ చూపించావా లేదా?

నీ,
మూర్తి